మీటప్ వీడియోలు ప్రాజెక్టు అధికారిక ఛానెల్‌లో రావాలంటే ఏం చేయాలి?

ప్రశ్న క్లుప్తంగా: "విజయవాడలో మా గ్రూపు ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు మీటప్ పెట్టింది. నాలుగు టాక్స్ రికార్డు చేశాం. రెండు తెలుగులో, ఒకటి ఇంగ్లీషులో, ఒకటి సగం సగం. వీటిని ప్రాజెక్టు వాళ్ల అధికారిక యూట్యూబ్ ఛానెల్‌లో పెట్టమని అడగొచ్చా? మా సొంత ఛానెల్‌కి సబ్‌స్క్రైబర్లు లేరు, అందులో పెడితే ఎవరు చూస్తారు?"

అడగొచ్చండీ, మొహమాటం అక్కర్లేదు. కానీ నాలుగు ఫైళ్లూ డ్రైవ్‌లో పడేసి, లింకు పంపి, "అప్‌లోడ్ చేయండి ప్లీజ్" అంటే ఆ మెయిలు అలాగే పడి ఉంటుంది. ఇలాంటి ఛానెల్ ఒకదానికి వచ్చిన వీడియోలు చూడటం, ఎక్కించడం వలంటీరుగా నేను చాలాకాలంగా చేస్తున్న పని. కాబట్టి అటువైపు కూర్చున్న మనిషి బుర్రలో ఏం తిరుగుతుందో ముందు చెప్తాను, మీకు పని సులువవుతుంది.

నా సలహా ఇది. వీడియోలు మీ ఛానెల్‌లోనే పెట్టండి. ప్రాజెక్టు వాళ్లని వాటిని తమ ప్లేలిస్టులో చేర్చమని అడగండి. నాలుగింటిలో బాగా వచ్చిన ఒక్కదాన్ని మాత్రం నేరుగా వాళ్ల ఛానెల్‌లోకి తీసుకోమనండి.

ప్లేలిస్టు సంగతి చాలామందికి తట్టదు. యూట్యూబ్‌లో ఒక ఛానెల్ తన ప్లేలిస్టులో వేరే ఛానెళ్ల వీడియోలు కూడా పెట్టుకోవచ్చు. ఫైలు మీ దగ్గరే, వ్యూలు మీకే, కామెంట్లకి జవాబులిచ్చే పూచీ మీదే. చూసేవాళ్లకి మాత్రం ప్రాజెక్టు ఛానెల్ పేజీలో "కమ్యూనిటీ మీటప్‌లు" అనే వరుసలో కనిపిస్తాయి. అవతలివాళ్లకి ఇది రెండు నిమిషాల పని, రేపు ఏదైనా తేడా వస్తే తీసేయడానికీ రెండు నిమిషాలే. అందుకే సరే అనడం తేలిక. మీ సబ్‌స్క్రైబర్ల బెంగ కూడా దీంతో చాలావరకు తీరుతుంది.

అప్‌లోడ్ అనేసరికి వాళ్లు ఎందుకు వెనకాడతారంటే, యూట్యూబ్ నియమాల ప్రకారం 90 రోజుల్లో మూడు కాపీరైట్ స్ట్రైకులు (హక్కుదారు ఫిర్యాదుతో వీడియో తీసేసినప్పుడు పడే హెచ్చరికలు) పడితే ఛానెల్ మొత్తాన్నే మూసేయొచ్చు. ఏళ్ల తరబడి పోగైన రిలీజ్ వీడియోలు, ట్యుటోరియల్స్, పెద్ద సదస్సుల రికార్డింగులు అన్నీ ఒకే తాళం కింద ఉంటాయి. ఎక్కడో ఒక ఊళ్లో జరిగిన మీటప్ వల్ల వాటికి ముప్పు రావడం ఎవరికీ ఇష్టం ఉండదు. నిజానికి టీ బ్రేకులో హాల్లో మోగిన సినిమా పాటకి మామూలుగా వచ్చేది స్ట్రైక్ కాదు, కంటెంట్ ఐడీ క్లెయిమ్, అంటే పాటని యూట్యూబ్ యంత్రమే గుర్తుపట్టి హక్కుదారు తరఫున పెట్టే దావా. అదీ చిన్న తలనొప్పేం కాదు. క్లెయిమ్ పడిన వీడియోకి క్రియేటివ్ కామన్స్ లైసెన్సు (ఇతరులు వాడుకోవచ్చని ముందే ఇచ్చే అనుమతి) పెట్టుకోనివ్వరు, పైగా పాట హక్కుదారు ఆ వీడియో మీద ప్రకటనలు వేసుకోవచ్చు. తమ ఛానెల్‌లో ప్రకటనలు ఉండవని గట్టిగా చెప్పుకునే ప్రాజెక్టులకి ఇది ఎంత ఇబ్బందో ఊహించుకోండి. స్లయిడ్ల మధ్యలో నవ్వు కోసం పెట్టే సినిమా క్లిప్పులదీ ఇదే కథ. మన దగ్గర బ్రహ్మానందం క్లిప్పు లేని టెక్ టాక్ అరుదు కదా, ఎడిటింగులో ముందు దాన్నే వెతకండి.

రెండోది నోటిఫికేషన్ల గొడవ. అధికారిక ఛానెల్‌ని ఫాలో అయ్యేవాళ్లు ప్రపంచమంతా ఉంటారు, చాలామంది కొత్త వెర్షన్ వార్త కోసమే ఉంటారు. 24 గంటల్లో ఒక ఛానెల్ నుంచి మూడు నోటిఫికేషన్లకి మించి యూట్యూబ్ పంపదు. మీ నాలుగు టాక్స్ పొద్దున ఎక్కించి, సాయంత్రం రిలీజ్ వీడియో పెడితే ఆ రిలీజ్ కబురు ఎవరికీ చేరదు. దీనికి మందు ఉంది: అప్‌లోడ్ చేసేటప్పుడు "సబ్‌స్క్రైబర్లకి తెలియజేయి" అనే టిక్కు తీసేస్తే సరి. మీ మెయిల్లో "నోటిఫికేషన్ ఆపేసి పెట్టినా మాకు ఓకే" అని ఒక్క ముక్క రాయండి. ఇతనికి ఛానెల్ నడిపే వాళ్ల బాధ తెలుసు అనుకుంటారు.

మూడోది, ఒకసారి ఎక్కిన వీడియో ఫైలుని యూట్యూబ్‌లో మార్చడం కుదరదు. కొంత కత్తిరించవచ్చు, కొంత మసకబార్చవచ్చు, అంతే. కొత్త ఫైలు పెట్టాలంటే కొత్త లింకు వస్తుంది, పాత లింకు పంచుకున్న చోటల్లా చచ్చిపోతుంది. కాబట్టి "ముందు ఇది పెట్టేయండి, మంచి వెర్షన్ తర్వాత పంపిస్తాం" అనే మాట అసలు అనొద్దు.

అన్నిటికన్నా పెద్దది భాష. నలభై నిమిషాల తెలుగు టాక్‌లో ఎవరేం అన్నారో ఆ టీమ్‌లో ఎవరికీ తెలియదు. మధ్యలో ఎవరినైనా వెటకారం చేశారా, స్పాన్సర్ కంపెనీ తన సరుకు అమ్ముకుందా, తప్పు సమాచారం ఉందా, వాళ్లకి తెలిసే దారి లేదు. అధికారిక ఛానెల్‌లో వచ్చిందంటే ప్రాజెక్టే అన్నట్టు లెక్క. తెలుగు మీద చిన్నచూపు ఏమీ ఉండదు, పోలిష్‌కైనా వియత్నామీస్‌కైనా ఇదే భయం. దీనికి పనిచేసే ఉపాయం ఏమిటంటే, ఆ ప్రాజెక్టులో ఇప్పటికే కోడో, అనువాదమో, డాక్యుమెంటేషనో చేస్తున్న తెలుగువాళ్లని ఒకరిని పట్టుకోండి. వాళ్లు హైదరాబాద్‌లో ఉన్నా డల్లాస్‌లో ఉన్నా ఫర్వాలేదు. వీడియో మొత్తం చూసి "నేను చూశాను, ఇందులో అభ్యంతరం ఏమీ లేదు" అని వాళ్లు తమ పేరుతో ఒక లైను రాస్తే సగం పని అయిపోయినట్టే. మీ గ్రూపువాళ్లు కాకుండా బయటివాళ్లయితే ఇంకా మంచిది.

మీరు ప్రాజెక్టు పేరు చెప్పలేదు. ఒక్కొక్కరి పద్ధతి ఒక్కోలా ఉంటుంది కాబట్టి నాకు తెలిసినవి కొన్ని చెప్తాను. వెబ్‌సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ వాళ్లకి 2009 నుంచి వర్డ్‌ప్రెస్ టీవీ అని విడి సైటే ఉంది. వర్డ్‌క్యాంపులనే తమ సదస్సులతో పాటు ఊరూరా జరిగే మీటప్‌ల వీడియోలనీ తీసుకుంటారు. ఫారం నింపి ఫైలు పంపితే వలంటీర్లు చూసి ప్రచురిస్తారు. మీది వర్డ్‌ప్రెస్ అయితే ఈ సలహాలో సగం మీకు అక్కర్లేదు, నేరుగా అక్కడికి వెళ్లండి. వాళ్ల దగ్గర ఒక్క పట్టింపు మాత్రం గుర్తుంచుకోండి: ఇంగ్లీషులో పేరు రాసేటప్పుడు మధ్యలో పీ పెద్దక్షరం ఉండాలి. చిన్నక్షరంతో రాస్తే చడీచప్పుడు లేకుండా దిద్దేసే ఫంక్షన్‌ని ఆ సాఫ్ట్‌వేర్‌లోనే పెట్టుకున్నారంటే పట్టుదల ఎంతో చూడండి.

లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ డెబియన్‌లో వీడియో టీమ్ అని ప్రత్యేకంగా ఉంది. 2023 సెప్టెంబరులో కొచ్చిలో వాళ్ల సదస్సు డెబ్‌కాన్ జరిగినప్పుడు కెమెరా పట్టుకున్నవాళ్లు, మిక్సింగ్ చేసినవాళ్లు అందరూ వలంటీర్లే. రికార్డింగులు ముందు డెబియన్ సొంత ఆర్కైవ్ సర్వర్‌లోకి వెళ్తాయి, యూట్యూబ్ వాళ్లకి ఒక అదనపు చోటు మాత్రమే. పైథాన్ ప్రోగ్రామింగ్ భాష వాళ్లకి పైవీడియో అనే సూచిక ఉంది. అది వీడియోలని దాచుకోదు, ఎక్కడున్నాయో వివరాలు మాత్రం కోడు దాచుకునే సైటు గిట్‌హబ్‌లో జేసన్ ఫైళ్లుగా ఉంచుతుంది. మీరు ఒక పుల్ రిక్వెస్ట్ (ఈ మార్పు చేర్చండి అనే వినతి) పంపితే చాలు. అధికారిక ఛానెల్ మీద ఆధారపడని ఈ పద్ధతి నాకు బాగా నచ్చుతుంది. దీనికి ఎదురు ఉదాహరణ కూడా పైథాన్‌లోనే ఉంది: అమెరికా పైథాన్ సదస్సు పైకాన్ వాళ్లు చాలాకాలం ఏటా ఒక కొత్త యూట్యూబ్ ఛానెల్ తెరిచేవాళ్లు. ఈ ఏడాది సబ్‌స్క్రైబ్ చేసినవాళ్లకి వచ్చే ఏడాది వీడియోల కబురే అందదు. మీ గ్రూపు కూడా "మీటప్ 2025", "మీటప్ 2026" అని ఛానెళ్లు తెరవకండి. ఛానెల్ ఒక్కటే ఉండాలి, ఏడాదికో ప్లేలిస్టు పెట్టుకోవచ్చు.

ప్రాజెక్టు ఏదైనా, ముందు వాళ్ల రిపాజిటరీలోనో (కోడు, పత్రాలు ఉంచే చోటు) వికీలోనో యూట్యూబ్ గురించి రాసిన నియమాలు ఉన్నాయేమో వెతకండి. కుబెర్నెటీస్ లాంటి పెద్దవాళ్లు ఇవన్నీ కమ్యూనిటీ రిపాజిటరీలో రాసిపెట్టారు. నియమాలు ఉంటే వాటిలో వాళ్లు వాడిన మాటలతోనే అడగండి. లేకపోతే అడగటానికి కింద ఒక నమూనా ఇచ్చాను.

ఇక అనుమతులు. ఇక్కడే చాలా గ్రూపులు దెబ్బతింటాయి, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

మన కాపీరైట్ చట్టం, 1957లో "పెర్ఫార్మర్" అంటే ఎవరో ఒక జాబితా ఉంది. నటుడు, గాయకుడు, నర్తకుడు, దొమ్మరి విద్యలు చేసేవాడు, గారడీవాడు, పాములవాడు, వాళ్ల పక్కనే ఉపన్యాసం ఇచ్చేవాడు. అంటే మీ మీటప్‌లో డాకర్ గురించి మాట్లాడిన కుర్రాడు చట్టం దృష్టిలో పాములవాడి సరసన కూర్చుంటాడు. నవ్వొచ్చినా దీని అర్థం గట్టిదే: తన ప్రసంగాన్ని రికార్డు చేయనివ్వాలా, జనానికి అందించాలా అనే హక్కు ఆ మనిషికి ఉంటుంది, అదీ 50 ఏళ్లపాటు. "స్టేజి ఎక్కాడుగా, ఒప్పుకున్నట్టే" అనడం కుదరదు. స్లయిడ్ల కథ వేరే. ఉద్యోగంలో భాగంగా తయారుచేసిన వాటి కాపీరైటు, వేరే ఒప్పందం లేకపోతే, కంపెనీదే. కాబట్టి ఆఫీసు టెంప్లేట్ మీద చేసిన స్లయిడ్లు కనిపిస్తే వెంటనే అడగండి: "మీ ఆఫీసులో చెప్పారా?"

ఇవన్నీ మాట్లాడటానికి మంచి సమయం టాక్ ఒప్పుకున్నప్పుడే. మీకు మీటప్ అయిపోయింది, ఫర్వాలేదు, ఇప్పుడైనా మెయిల్లో రాతపూర్వకంగా తీసుకోండి. వాట్సాప్‌లో బొటనవేలు బొమ్మ చాలదు. నేను వాడే మాటలు ఇవి, కావాలంటే తీసుకోండి:

"ఫలానా తేదీన మీరు ఇచ్చిన టాక్ వీడియో, ఆడియో, స్లయిడ్లు మా గ్రూపు ఛానెల్‌లోనూ, ప్రాజెక్టు అధికారిక ఛానెల్‌లోనూ, ఆర్కైవ్ సైట్లలోనూ ప్రచురించడానికి మీకు సమ్మతమేనా? లైసెన్సు: క్రియేటివ్ కామన్స్ అట్రిబ్యూషన్. అంటే మీ పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఒకసారి ఇచ్చిన లైసెన్సుని వెనక్కి తీసుకోవడం కుదరదు. స్లయిడ్లలో మీవి కాని బొమ్మలు, సంగీతం, కంపెనీ సమాచారం ఉంటే చెప్పండి. ప్రచురించే ముందు వీడియో మీకు చూపిస్తాం, వద్దన్న భాగం తీసేస్తాం."

చివరి వాక్యం తప్పనిసరిగా ఉంచండి. ఒప్పుకోవాలా వద్దా అని ఊగేవాళ్లని ఒప్పించేది అదే. లైసెన్సు విషయంలో ఒక మెలిక: యూట్యూబ్ అప్‌లోడ్ పేజీలో ఉండే ఎంపికలు రెండే, మామూలు యూట్యూబ్ లైసెన్సు, క్రియేటివ్ కామన్స్ అట్రిబ్యూషన్. షేర్‌అలైక్ (మార్చి పంచుకునేవాళ్లూ అదే లైసెన్సు పెట్టాలనే షరతు) కావాలంటే వివరణలో రాసుకోవాల్సిందే. బ్రసెల్స్‌లో ఏటా జరిగే ఓపెన్ సోర్స్ సదస్సు ఫాస్‌డెమ్ రికార్డింగులు కూడా అట్రిబ్యూషన్ లైసెన్సులోనే వస్తాయి. వేరే కారణం లేకపోతే మీరూ అదే పెట్టండి, రేపు వికీమీడియా కామన్స్‌లోకి పంపాలన్నా అడ్డు ఉండదు.

ప్రేక్షకుల మొహాల సంగతి కూడా చూడండి. ప్రశ్న అడిగినవాళ్లు కెమెరాలో పడితే వాళ్లనీ అడగాలి. అంత ఓపిక లేకపోతే ప్రశ్న వినిపించేంతసేపు తెర మీద స్లయిడ్ ఉంచేయండి. ఇంజనీరింగ్ మొదటి ఏడాది పిల్లల్లో పదిహేడేళ్ల వాళ్లు ఉంటారు. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 నిండనివాళ్లని పిల్లలుగానే లెక్కేసి, తల్లిదండ్రుల అనుమతి అడుగుతుంది. వాళ్ల క్లోజప్పులు కోసేయడమే తేలిక. వచ్చేసారి హాల్లో వెనక రెండు వరుసలు "ఇక్కడ కెమెరా రాదు" అని బోర్డు పెట్టండి, సగం టెన్షన్ పోతుంది.

ఇప్పుడు ఎడిటింగ్. హంగులు అక్కర్లేదు. ఎగిరే టైటిళ్లు, ఇంట్రో మ్యూజిక్ అసలే వద్దు, అధికారిక ఛానెల్ వాళ్లు తమ సొంత ఇంట్రో పెట్టుకోవాలంటే మీది అడ్డం వస్తుంది. వాళ్లు చూసేది రెండే: మాట వినపడుతోందా, తెర మీద అక్షరాలు కనపడుతున్నాయా. ఫ్యాను రొద, ఏసీ హోరు, కరెంటు పోయినప్పుడు జనరేటరు మోత... మన హాళ్లలో ఇవి మామూలే. కాలర్ మైకు ఉన్నా సరే, స్పీకరు చొక్కా జేబులో ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టిన ఫోను ఒకటి రికార్డవుతూ ఉండాలి. మొదట్లో ఒకసారి చప్పట్లు కొట్టమంటే ఆ చప్పుడుని పట్టుకుని రెండు రికార్డింగులనీ కలపొచ్చు. సౌండు ఒక టాక్‌లో గట్టిగా, ఇంకోదాంట్లో నెమ్మదిగా ఉంటే ఎఫ్‌ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో లౌడ్‌నార్మ్ అనే ఫిల్టరుతో అన్నీ ఒక స్థాయికి తెచ్చుకోవచ్చు. మరీ గట్టిగా ఉన్నదాన్ని యూట్యూబ్ తనే తగ్గిస్తుంది, నెమ్మదిగా ఉన్నదాన్ని పెంచిపెడుతుందని మాత్రం నమ్ముకోకండి.

ఎక్కడ కోయాలో మీరు నిర్ణయించకండి, స్పీకర్‌నే అడగండి. ఫాస్‌డెమ్ వాళ్లూ డెబియన్ వాళ్లూ ఎస్‌రివ్యూ అనే సాఫ్ట్‌వేర్ వాడతారు. టాక్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో గుర్తుపెట్టమని స్పీకరుకి మెయిలు వెళ్తుంది, ఆయన సరే అన్నాక మిగతాది యంత్రమే చూసుకుంటుంది. నాలుగు వీడియోలకి అంత ఏర్పాటు అక్కర్లేదు, ఒక షీటు చాలు. అందులో స్పీకరు ఇలా రాసిస్తే చాలు:

"మొదలు 03:12. 27:40 నుంచి 28:05 వరకు తీసేయండి, నోటిఫికేషన్ వచ్చింది. 36:10 దగ్గర టెర్మినల్‌లో టోకెన్ కనిపిస్తోంది. ముగింపు 41:50."

ఆ టోకెన్ మాట తమాషాకి రాయలేదు. లైవ్ డెమో చేసేవాళ్ల తెర మీద టోకెన్లు, ఏపీఐ కీలు (ఒక సేవలోకి ప్రవేశమిచ్చే రహస్య సంకేతాలు), డేటాబేస్ పాస్‌వర్డులు, క్లయింటు పేర్లు మెరిసి మాయమవుతుంటాయి. చూసేవాళ్లు వీడియో ఆపి ఫ్రేము ఫ్రేము చదువుకోవచ్చు. కీ కనిపిస్తే మసకబార్చడం రెండో పని, ముందు ఆ కీ రద్దు చేసి కొత్తది తీసుకోమనండి. "ఇంటికొచ్చేటప్పుడు పెరుగు ప్యాకెట్ తీసుకురా" అన్న వాట్సాప్ మెసేజ్ మాత్రం ఉంచినా నష్టం లేదు, పంపినవాళ్ల పేరు, నంబరు కనపడకపోతే చాలు. స్పీకర్లు కొందరు నవ్వేసి ఉంచేయమంటారు కూడా.

పేరు పెట్టడం దగ్గరికొద్దాం. "మీటప్ 7 టాక్ 2" అని పంపేవాళ్లు ఎంతమందో. అది ఎవరికీ వెతుకులాటలో దొరకదు. శీర్షికకి యూట్యూబ్ ఇచ్చేది 100 అక్షరాలు, ఫోన్లో కనపడేది అందులో సగం. విషయం ముందు, స్పీకరు పేరు తర్వాత, ఊరూ ఏడాదీ చివర రాయండి. ఉదాహరణకి: "చిన్న వీపీఎస్ మీద డేటాబేస్ బ్యాకప్ ఎలా - ఫలానావారు - విజయవాడ మీటప్ 2025". తెలుగు టాక్‌కి శీర్షిక తెలుగులోనే పెట్టి, వీడియో భాష తెలుగు అని సెట్ చేసి, శీర్షికకీ వివరణకీ ఇంగ్లీషు అనువాదం జత చేయండి. యూట్యూబ్‌లో ఆ సదుపాయం ఉంది. చూసేవాళ్ల భాషని బట్టి తగినది కనిపిస్తుంది. ఇంగ్లీషు శీర్షిక పెట్టి లోపల తెలుగులో మాట్లాడే వీడియోలంటే బయటివాళ్లకి చిరాకు, మనవాళ్లకేమో అది తెలుగు వీడియో అనే తెలియదు.

వివరణలో మొదటి రెండు లైన్లలోనే టాక్ దేని గురించో, ఏ భాషలోనో చెప్పండి. ఏ వెర్షన్ మీద మాట్లాడారో కూడా రాయండి. దీన్ని దాదాపు అందరూ వదిలేస్తారు. మూడేళ్ల తర్వాత చూసే కుర్రాడికి ఆ కమాండు ఎందుకు పనిచేయడం లేదో తెలియాలంటే అదొక్కటే దారి. తర్వాత స్లయిడ్ల లింకు, లైసెన్సు, టైమ్‌స్టాంపులు. చాప్టర్లు రావాలంటే మొదటిది 0:00 అయి ఉండాలి, కనీసం మూడుండాలి, ఒక్కోటి పది సెకన్లకి తగ్గకూడదు.

సబ్‌టైటిళ్లు కష్టమైన పనే, కానీ మీ విన్నపాన్ని బలపరిచేది అదే. సగం తెలుగు సగం ఇంగ్లీషు మాటని యంత్రం రాస్తే చిత్రంగా వస్తుంది. నాలుగూ చేయలేరు, ఒక్కదానికి మనిషి కూర్చుని ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు ఎస్‌ఆర్‌టీ ఫైలుగా (ఏ మాట ఏ సమయంలో రావాలో రాసిన టెక్స్ట్ ఫైలు) రాయండి. నేను పైన చెప్పిన "ఒక్క వీడియో" అదే కావాలి. ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు ఉంటే అవతలి టీమ్ తామే చదువుకుని నిర్ణయించుకోగలదు. యూట్యూబ్‌లో ఒక ఛానెల్ పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వకుండానే మెయిలు ఐడీకి పరిమిత అనుమతులు ఇవ్వొచ్చు. అందులో సబ్‌టైటిళ్లు మాత్రమే దిద్దే పాత్ర కూడా ఉంది. తర్వాత్తర్వాత మీకు ఆ అనుమతి ఇమ్మని అడగొచ్చు. మొదటి మెయిల్లోనే "మాకు యాక్సెస్ ఇవ్వండి, మేమే పెట్టుకుంటాం" అని మాత్రం అడగకండి. పాస్‌వర్డ్ అడిగారో, ఇక మీ మెయిలుకి జవాబు ఉండదు.

మెయిలు ఇలా రాయండి, ఇంగ్లీషులోకి మీరే మార్చుకోండి. వ్యక్తిగత ఇన్‌బాక్సుకి కాకుండా ప్రాజెక్టు వాళ్ల మెయిలింగ్ లిస్టులోనో ఇష్యూ ట్రాకర్‌లోనో పెట్టండి, ఒకరు సెలవులో ఉన్నా ఇంకొకరు చూస్తారు:

"నమస్తే. ఫలానా తేదీన విజయవాడలో మీటప్ జరిపాం. నాలుగు టాక్స్ మా ఛానెల్‌లో ఉన్నాయి, లింకులు ఇవి. దయచేసి వాటిని మీ కమ్యూనిటీ ప్లేలిస్టులో చేర్చగలరా? అదనంగా, వీటిలో ఫలానా టాక్‌ని మీ ఛానెల్‌లో ప్రచురించే ఆలోచన చేయగలరా? భాష తెలుగు, ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు మనిషి రాసినవి. స్పీకరు రాతపూర్వక అనుమతి జత చేశాం, లైసెన్సు క్రియేటివ్ కామన్స్ అట్రిబ్యూషన్. సంగీతం, ప్రకటనలు లేవు. స్పాన్సరు ప్రస్తావన చివర ఐదు సెకన్లు, అభ్యంతరమైతే తీసేస్తాం. మీ ప్రాజెక్టులో అనువాదాలు చేసే ఫలానావారు మొత్తం చూశారు, వారి మాట కింద ఉంది. శీర్షిక, వివరణ, థంబ్‌నెయిల్ సిద్ధంగా పంపుతున్నాం. నోటిఫికేషన్ లేకుండా పెట్టినా మాకు సమ్మతమే."

దీంతో అవతలి మనిషికి ఎదురు ప్రశ్న వేసే పని ఉండదు. థంబ్‌నెయిల్ మీద ప్రాజెక్టు లోగో వాడేముందు వాళ్ల ట్రేడ్‌మార్క్ నియమాలు ఒకసారి చూసుకోండి. మీ గ్రూపు లోగోని ప్రాజెక్టు లోగోకన్నా చిన్నగా, ఒక మూలకి పెట్టండి. రెండు వారాలు చూసి ఒక్కసారి గుర్తుచేయండి. అప్పటికీ ఉలుకూపలుకూ లేకపోతే బాధపడకండి, వలంటీర్లు కదా. వీడియోలు మీ ఛానెల్‌లో ఎలాగూ ఉన్నాయి.

ఏం జరిగినా అసలు ఫైళ్లు పారేయకండి. "అధికారిక ఛానెల్‌లో ఉందిగా" అని హార్డ్‌డిస్కు ఖాళీ చేసేవాళ్లు ఉంటారు, అది ప్రమాదం. 2018 జూన్‌లో త్రీడీ యానిమేషన్ సాఫ్ట్‌వేర్ బ్లెండర్ వాళ్ల యూట్యూబ్ ఛానెల్‌లోని వీడియోలన్నీ ప్రపంచమంతటా కొన్ని రోజులపాటు కనపడకుండా పోయాయి. అంత పేరున్న ప్రాజెక్టు, వాళ్ల సొంత వీడియోలే. గొడవంతా ప్రకటనలకి సంబంధించిన ఒప్పందం దగ్గర. తర్వాత వీడియోలు తిరిగొచ్చాయి, కానీ ఈలోపే బ్లెండర్ వాళ్లు పీర్‌ట్యూబ్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో తమ సొంత వీడియో సైటు మొదలుపెట్టారు, అది ఇప్పటికీ నడుస్తోంది. మీకు సర్వరు నడిపే స్తోమత లేకపోతే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఒక కాపీ ఉచితంగా పెట్టుకోవచ్చు. వికీమీడియా కామన్స్ ఎంపీ4 తీసుకోదు, వెబ్‌ఎం లాంటి స్వేచ్ఛా ఫార్మాట్లే తీసుకుంటుంది. మీ వీడియో యూట్యూబ్‌లో క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో ఉంటే వీడియోటుకామన్స్ అనే పనిముట్టు తనే మార్చి తీసుకెళ్తుంది.

నాలుగింటిలో ఏది పంపాలి అంటారా? ఇంగ్లీషు టాక్ పంపాలని మీకు అనిపిస్తూ ఉంటుంది, అదే సులువుగా ఒప్పుకుంటారని. నేనైతే తెలుగు టాక్స్‌లో డెమో ఎక్కువున్నది పంపుతాను. ఏ ప్రాజెక్టుకైనా ఇంగ్లీషులో పరిచయ వీడియోలు ఇప్పటికే బోలెడుంటాయి, మీది ఇంకొకటి అవుతుంది, అంతే. ఇన్‌స్టాల్ చేయడం దగ్గర్నుంచి బ్యాకప్ తిరిగి తెచ్చుకోవడం దాకా తెలుగులో చేసి చూపించింది వాళ్ల దగ్గర ఒక్కటీ ఉండకపోవచ్చు. కమ్యూనిటీ ఎంత దూరం పాకిందో చూపించుకోవడం వాళ్లకీ ఇష్టమే. సగం సగం భాషలో ఉన్నది ప్లేలిస్టుకి సరిపోతుంది. తెలుగు రెండింటిలోనూ ఆడియో బాగోలేకపోతే మాత్రం మొండికెళ్లకుండా ఇంగ్లీషుదే పంపేయండి, తెలుగుది వచ్చే మీటప్‌లో కాలర్ మైకుతో మళ్లీ చెప్పించి రికార్డు చేయండి.